పల్లకీ పరిహాసం: 'మల్లీశ్వరి'లో సరసం, సంపద, రాజాజ్ఞ

వాహినీ సంస్థ నిర్మించగా బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో 1951లో వెలువడిన 'మల్లీశ్వరి' ప్రసక్తి వచ్చినప్పుడు సాధారణంగా దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతరచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, రాయల కాలపు వాతావరణ కల్పన చర్చకు వస్తాయి. పూర్వభాగంలోని బావామరదళ్ల సరసాన్ని రానున్న విరహానికి ఆహ్లాదకరమైన నాందిగా మాత్రమే పరిగణించి ముందుకు సాగిపోవడం పరిపాటి. ఆ సరసం నాంది కాదనీ, కథను నడిపే కారణమే అదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతివృత్తం సుపరిచితమే కనుక ఇక్కడ అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాను. వీరాపురంలో నాగరాజు, మల్లీశ్వరి పసితనం నుంచి కలిసి పెరిగినవారు. వారి మధ్య ఉన్నది కులభేదం కాదు, కలిమిలేముల భేదం. మేనరికం ఇచ్చిన హక్కును లేమి కాజేస్తుంది. పేదవాడైన మేనల్లునికి పిల్లనివ్వడానికి మల్లి తల్లి నాగమ్మకు మనసొప్పదు. కానీ పిల్లలిద్దరికీ ఆ లెక్కలు పట్టవు. బావను కోతితో పోల్చి మరదలు ఆటపట్టించే పాటలో వినిపించేది ఆ పట్టనితనమే. తెలుగునాట బావామరదళ్ల వేళాకోళానికి లోకసమ్మతి ఉంది. ఎంత మాటన్నా ఎవరికీ నొప్పి తగలదు; ఎందుకంటే అన్నవారూ పడినవారూ ఒకే మెట్టుమీద నిలిచి ఉంటారు. ఒకరి మాట మరొకరికి ఆజ్ఞ కాదు, అర్జీ అంతకన్నా కాదు.

ఈ మెట్టు కదిలిపోయే ఘట్టం వర్షపు రాత్రి ఘట్టం. సంతనుంచి తిరిగివస్తూ బావామరదళ్లు వానకు తలదాచుకున్న చోటికే మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చేరుతారు. మల్లి ఆటపాటలకు రాయలు ముగ్ధుడవుతాడు. నాగరాజు హుషారుగా తన మరదలికి పల్లకీ పంపించమని పరిహాసమాడతాడు. ఆ పరిహాసాన్ని కాస్త నిదానించి వినాలి. పల్లకీ నాగరాజు ఎన్నడూ ఇవ్వలేనిది. అత్త దృష్టిలో అతని అనర్హతకు అది గుర్తు. తన లేమినే తాను నవ్వులాటగా మార్చుకొని మరదలి ఎదుట తేలిక చేసుకుంటున్నాడు. మల్లికి ఆ మాటలోని ముద్దూ తెలుస్తుంది, లోపలి ముల్లూ తెలుస్తుంది. రాయలకు మాత్రం అది కోరికగా వినిపిస్తుంది. మారువేషం ఆ కాసేపు అందరినీ బాటసారులను చేసింది గాని, రాజు చెవిని రాజు చెవిగానే ఉంచింది. నవ్వులాటగా వెళ్లిన మాట పల్లకీగా, కానుకలుగా తిరిగివస్తుంది. ధనం సంపాదించుకొని రావడానికి నాగరాజు ఊరు విడిచి వెళ్లిన సమయంలో రావడం ఇందులోని క్రూరత్వం.

నాట్యశాస్త్రం కైశికీవృత్తికి చెప్పిన నాలుగు అంగాలూ నర్మంతో ముడిపడినవే. వాటిలో నర్మస్ఫింజాన్ని దశరూపకకారుడు సుఖంతో మొదలై భయంతో ముగిసేదిగా నిర్వచించాడు. ఆ లక్షణం నవసమాగమానికి సంబంధించినది కనుక బాల్యం నుంచి ఎరిగిన ఈ జంటకు యథాతథంగా వర్తించదు. అయినా వర్షపు రాత్రి ఘట్టం అక్షరాలా ఆ ఆకృతిలోనే ఉంది. తేడా ఒక్కటే: శాస్త్రంలో భయం ఆ సన్నివేశంలోనే తలెత్తుతుంది, ఇక్కడ భయం ప్రయాణం చేసి, కొన్నాళ్లకు బోయీల భుజాల మీద ఊళ్లోకి వస్తుంది.

విషాదానికి నాగమ్మ పేరాశే మూలమని చెప్పేవారికి చిత్రంలో ఆధారం లేకపోలేదు. కానీ ఆమె తలుపు తీసిందే గాని పల్లకీని పిలవలేదు. పైగా అల్లుడి దగ్గర ధనం ఉండాలనడం ఆ ఏడాది వెండితెరకు కొత్త కాదు. అదే 1951లో, అదే కథానాయకునితో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడికీ రాకుమారికీ మధ్య అంతరం ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. రాజు సంపద తెమ్మంటాడు, మాంత్రికుని అండతో, ఆపైన భైరవి వరంతో రాముడు తెస్తాడు, లెక్క సరిపోతుంది. జానపద కథలో వర్గభేదం ఒక పరీక్ష మాత్రమే. నాగరాజు కూడా ఆ పరీక్షకే బయలుదేరాడు, సంపాదించాడు కూడా. అయితే అతను తిరిగివచ్చేసరికి ప్రశ్న మారిపోయింది. అత్త అడిగిన దానికి సమాధానం అతని మూటలో ఉంది. రాణివాసానికి ఇవ్వగల సమాధానం ఏ మూటలోనూ లేదు. ఒకే చిత్రంలో ఈ రెండు అంతరాలను పక్కపక్కన నిలిపి, మొదటిది దాటదగినదనీ రెండవది కాదనీ చూపడంలోనే 'మల్లీశ్వరి' ప్రత్యేకత నాకు కనిపిస్తుంది.

ఉత్తరభాగంలో ఇద్దరి భాషా మారిపోవడం గమనించదగినది. చతురోక్తులతో గలగలలాడిన నాగరాజు మాటలు ఉడిగి రాతిని ఆశ్రయిస్తాడు. అతను చెక్కిన రూపాలన్నీ మల్లివే అవుతాయి. మల్లి మేఘానికి తన గోడు చెప్పుకుంటుంది. శిలా, మేఘమూ రెండూ బదులు పలకనివి. ఎదురుమాటతోనే బతికిన అనురాగానికి ఇది ఎంత పెద్ద శిక్షో కోతిబావ పాటను గుర్తుంచుకున్న ప్రేక్షకునికే తెలుస్తుంది. ఈ పాటల కవితాగుణాన్ని విడిగా మెచ్చుకోవడంలో తప్పులేదు, కానీ పూర్వభాగపు అల్లరి నుంచి విడదీస్తే వాటి బరువు సగం తగ్గిపోతుంది.

చివరకు రాణివాసపు కట్టుబాటును అతిక్రమించిన జంటను రాయలు వారి గాథ విని క్షమిస్తాడు. ఈ చిత్రానికి ఆధారాలుగా చెప్పే రెండు రచనలలో బుచ్చిబాబు రేడియో నాటిక పేరు 'రాయలవారి కరుణకృత్యము'. ఆ శీర్షికలో ఉన్నది దాత, అతని దయ. చలనచిత్రం ఆ పేరును వదలి మల్లి పేరు పెట్టుకుంది. ముగింపులో మాత్రం పాత శీర్షికే గెలిచినట్టు అనిపిస్తుంది. రాయలను నొప్పించకుండా ఆ జంటను కలపాలన్న తపనలో చిత్రం ఒక విషయాన్ని సుతారంగా దాటవేసింది: రాజు ప్రసాదించినది వరం కాదు, పొరపాటున తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం. ఆ మాట అనగల చనువు నాగరాజుకు ఒకప్పుడు, వాన కురిసిన ఆ రాత్రి ఉండేది. కొలువులో లేదు.