దేవదాసు మారలేడా?

మన ఇళ్లలో ‘దేవదాసు’ ఎప్పుడో సామాన్య నామమైపోయింది. గడ్డం పెంచుకుని తాగే కుర్రాడు కనిపిస్తే చాలు, “వీడొక దేవదాసు” అంటాం. హోసూరులో ఉండే మాకు ఈ మాట తెలుగువాళ్ల నోటా, తమిళుల నోటా వినిపిస్తుంది. వేదాంతం రాఘవయ్యగారు 1953లో ఆ చిత్రాన్ని రెండు భాషల్లోనూ తీశారు; రెండింటా అక్కినేని, సావిత్రులే. ఆ పిలుపులో జాలి ఉంది, వేళాకోళం ఉంది. “ఇక వీడు మారడు” అన్న తీర్పు కూడా ఉంది. శరత్ నవలను ఈమధ్య తెలుగులో మళ్లీ చదివాక, ఆ తీర్పు నవలది కాదు, మనదే అనిపించింది.

1917లో అచ్చయిన ఈ చిన్న నవలలో, తాగుడు మానతానని మాట ఇమ్మని పార్వతి అడుగుతుంది. తన వల్ల కాదంటాడు దేవదాసు. చనిపోయేలోగా ఒకసారి ఆమె ఇంటికి వస్తానని మాత్రం మాట ఇస్తాడు. ఆ మాట కోసం, లేవలేని స్థితిలో రైలు దిగి, ఎడ్లబండి మీద అంత దూరమూ వెళ్లి, ఆమె ఇంటి ముందే ప్రాణం విడుస్తాడు. ఇంత పట్టుదల ఉన్నవాడికి సంకల్పబలం లేదని ఎలా అనగలం? అతనికి లేనిది తాను మారగలనన్న నమ్మకం.

మనం మరిచిపోయిన ఘట్టం ఇంకొకటుంది. దేవదాసు కొంతకాలం తాగుడుకు దూరంగా ఉంటాడు. లాహోరులో చున్నీలాల్ కలిసిన తర్వాతే మళ్లీ మొదలుపెడతాడు. అంటే అతను మానగలడని నవలే చెబుతోంది. మనకు మాత్రం చివరి బండి ప్రయాణమే గుర్తుంది.

మనిషి గుణాలు మార్పులేనివన్న నమ్మకానికీ, సాధనతో పెంపొందుతాయన్న నమ్మకానికీ ఉన్న తేడాను అమెరికన్ మనస్తత్వవేత్త కెరోల్ డ్వెక్ 2006లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. మొదటి నమ్మకం ఉన్నవాడు ఒక్కసారి జారితే, “నేనింతే” అని తేల్చుకుంటాడు. తేల్చుకున్నాక రెండో గ్లాసుకు అడ్డేముంటుంది?

అయితే మారగలనన్న నమ్మకం ఒక్కటే చాలదు. “ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తాను, ఇంకా వయసుంది కదా” అనే కుర్రాళ్లకు కూడా ఆ నమ్మకమే ఊతం. ఇక్కడ చంద్రముఖిని చూడాలి. ఆమె మారతానని అనుకుని ఊరుకోలేదు. వృత్తి వదిలింది, పట్నం వదిలింది, పల్లెలో సాదాగా బతికింది. నమ్మకాన్ని రోజువారీ పనిగా మార్చుకుంది. నవలలో నిజంగా మారిన మనిషి ఆమే. కానీ మారిన మనిషిని “వీడొక చంద్రముఖి” అని మనం ఎన్నడూ అనలేదు. ఇందులో శరత్ బాధ్యత కూడా కొంత ఉంది. కథ ముగిస్తూ ఆయన పాఠకుడి కన్నీటిని దేవదాసుకే అడిగాడు, చంద్రముఖికి కాదు.

మా వీధిలో ఒక అబ్బాయి మూడు నెలలు మానేసి, స్నేహితుడి పెళ్లిలో మళ్లీ తాగాడు. “చూశారా, నేను ముందే అన్నాను” అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మూడు నెలలను మాలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. లాహోరు ఘట్టం చదువుతుంటే ఆ అబ్బాయే గుర్తొచ్చాడు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. పెళ్లి ఊసు ఎత్తలేదు. ఆ మూడు నెలలూ ఎలా మానగలిగావని అడిగాను. చాలాసేపు చెప్పాడు.