ఆఖరి పిక్క దగ్గర

మా మనవరాలికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. మొన్న ఆదివారం దాని బడి సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట బయటపడింది. చుక్కల మీద దిద్దాల్సిన అంకెలు, లెక్కపెట్టి రంగులు వేయాల్సిన చేపలు. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాట తెలిసిందే: పసిపిల్లల చేతికి పెన్సిలు కాదు, చింతపిక్కలు ఇవ్వాలి. కాగితాలు పక్కన పడేసి, అటక మీది పిక్కల డబ్బా దించాను.

ఆ గలగల వినగానే నాకు మా అమ్మ వామనగుంటల పీట గుర్తొస్తుంది. వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, మూస్తే చేప ఆకారం. శివరాత్రి జాగారానికి అమ్మా, అత్తయ్యా ఎదురెదురుగా కూర్చునేవారు. నేను అమ్మ మోకాలికి ఆనుకుని చూసేదాన్ని. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి గుంటకొకటి చొప్పున పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి ఎత్తి మళ్లీ పంచాలి. ఖాళీ గుంట తగిలితే దాని పక్కదాంట్లో ఉన్నవి సొంతం. పిక్కలు ఎత్తకముందే అవి ఎక్కడిదాకా వస్తాయో అమ్మ చూపుకి తెలిసిపోయేది. మధ్యలో నా అరచేతిలో నాలుగు పోసి, "ఇవి ఏ గుంటలో అయిపోతాయో చెప్పు చూద్దాం" అనేది. నేను వేలు పెట్టి చూపించేదాన్ని. పంచాక తప్పని తేలితే, "ఎందుకు తప్పింది?" అనేది. నిద్ర ముంచుకొచ్చేదాకా మాకదే ఆట.

మనవరాలి ముందు ఐదు పిక్కలు వరసగా పెట్టాను. ఒక్కొక్కటీ తాకుతూ ఐదు దాకా చక్కగా లెక్కపెట్టింది. "మరి మొత్తం ఎన్నున్నాయి బంగారం?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అంతే. చివర పలికిన ఐదు ఆఖరి పిక్క పేరు కాదు, మొత్తం గుంపు లెక్క అని దానికింకా తట్టలేదు. చాలామంది పిల్లలకి మూడున్నర, నాలుగేళ్లప్పుడు తెలిసొచ్చే సంగతే ఇది. వరసని కాస్త ఎడంగా జరిపితే, "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అంది. పిక్కలిచ్చినా ఇంతేనా అని మనసు చివుక్కుమంది.

సాయంత్రం మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చింది. 1975లో మొదలైన ఆ పథకాన్ని మనం గుడ్డూ పాలూ ఇచ్చేదిగానే చూస్తాం గానీ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటలతో చదువు చెప్పడం కూడా మొదటి నుంచీ దాని పనే. నేను పక్కన పడేసిన చేపల కాగితాన్నే ఆవిడ చేతిలోకి తీసుకుంది.

"ఈ చేపలకి ఆకలేస్తోందంటమ్మా. ఒక్కోదానికి ఒక్కో పిక్క పెట్టు."

పిల్ల పెట్టింది. ఆరు చేపలు, ఐదు పిక్కలు. ఒక చేపకి చాలలేదు. "ఇంకెన్ని తెస్తావు?" అంటే పరుగున వెళ్లి డబ్బాలోంచి ఒక్కటే తెచ్చింది. టీచరమ్మ పిక్కలన్నీ తీసేసి, మూడు చేపల మీద అరచెయ్యి కప్పింది. "ఇవి నిద్రపోయాయి. ఇప్పుడెన్ని పిక్కలు చాలు?"

పిల్ల వేలు కదపలేదు. మిగిలిన చేపల వంక చూసి, "మూడు" అంది. "ఎలా తెలిసింది?" అని అడిగి ఆవిడ ఊరుకుంది. జవాబు కోసం ఎంతసేపు ఆగిందో! అంతసేపు నేనైతే ఆగను. మా అమ్మ ఆగేది. ఇన్నేళ్లూ నేను పిక్కల మహిమ అని రాసుకొచ్చింది ఆ ఆగడాన్నే.

చుక్కల మీద అంకెలు దిద్దించడం మాత్రం ఇప్పటికీ నాకు సమ్మతం కాదు. ఆ లేత వేళ్లకి ఇంకా పట్టు రాలేదు. టీచరమ్మ వెళ్తూ, "చిన్నోడు పాకుతున్నాడుగా, పిక్కలు పైన పెట్టండమ్మా, గొంతులో పడితే కష్టం" అంది. డబ్బా మళ్లీ అటకెక్కింది. చేపల కాగితం బయటే ఉంచాను.

నిన్న రాత్రి భోజనాలకి, "మనకెన్ని కంచాలు కావాలి?" అని అడిగి ఆగాను. నాలుగు వేళ్లు చూపించింది. కాసేపు వాటి వంకే చూసి, "తాతయ్య ఊరెళ్లాడుగా నానమ్మా" అని ఒక వేలు ముడిచింది.