మైకు ముందు అన్న మాట: ‘మిడ్‌నైట్ ఎఫ్ఎం’

నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో చెవిలో ఎఫ్ఎం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. “ఇంకా పడుకోలేదా?” అని ఆర్జే అడిగితే, ఊరంతా వింటున్నా సరే, నన్నే అడిగినట్టుండేది. రేడియో బతికేదే ఆ భ్రమ మీద. దాన్ని నిజమని పూర్తిగా నమ్మేసినవాడు ఒకడుంటే? 2010లో కిమ్ సాంగ్-మాన్ తీసిన కొరియన్ సినిమా ‘మిడ్‌నైట్ ఎఫ్ఎం’ అలాంటివాడి గురించే.

సన్-యంగ్ (సూ ఏ) అర్ధరాత్రి సినిమా పాటల కార్యక్రమం చేస్తుంటుంది. మాట పోయిన కూతురి వైద్యం కోసం ఉద్యోగం మానేస్తోంది. ఆ రాత్రే ఆఖరి షో. సరిగ్గా అప్పుడే ఒకడు (యూ జీ-తే) ఆమె ఇంట్లో దూరతాడు. తను చెప్పిన పాటలే వెయ్యాలి, ఎవరికీ చెప్పకూడదు, లేదంటే ఇంట్లోవాళ్ళు మిగలరు.

గొంతే బతుకుతెరువైన తల్లి, గొంతు లేక ఇంట్లో ఎక్కడో నక్కిన కూతురు. సస్పెన్సంతా ఈ రెంటి మధ్యే నడుస్తుంది. అరవలేకపోవడమే ఆ పిల్లకి రక్ష.

కానీ నన్ను భయపెట్టింది కత్తి కాదు, కారణం. ‘టాక్సీ డ్రైవర్’లో ట్రావిస్ గురించి ఆమె ఎప్పుడో మైకులో అన్న మాటల్ని వీడు తనకిచ్చిన అనుమతి అనుకున్నాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ మొదటిసారి దర్శకత్వం వహించిన ‘ప్లే మిస్టీ ఫర్ మీ’ (1971)లోనూ పాట అడిగే శ్రోతే ప్రమాదం. అయితే అక్కడామెకి కావలసింది డీజే. ఇక్కడ వీడికి కావలసింది “నువ్వు చేసింది సరైనదే” అన్న మాట.

దీనికి జవాబులా ఇంకో శ్రోతని పెట్టారు. మా డాంగ్-సియోక్ వేసిన పాత్ర అది. ఇతనికీ ఆమె అంటే పిచ్చే. మొదట ఇతన్నే అనుమానిస్తాం. చివరికి ఆమెకి సాయపడేది ఇతనే. ఒకే గొంతు విని ఒకడు హంతకుడయ్యాడు, ఇంకొకడు తోడు నిలిచాడు. మరి తప్పు గొంతుదా, చెవిదా?

ఇంత మంచి ప్రశ్న వేసుకుని సినిమా జవాబు దగ్గర తప్పించుకుంది. సన్-యంగ్ స్టూడియో వదిలి రోడ్డెక్కగానే కార్లు, ఛేజింగులు మొదలవుతాయి. వాడు మామూలు విలనైపోతాడు. తన మాటల గురించి ఆమె నిమిషంసేపు కూర్చుని ఆలోచించే సీను ఒక్కటుంటే బాగుండేది.

అయినా చూడండి, వీలైతే రాత్రి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఇలా నాలుగు ముక్కలు రాసి ఆన్‌లైన్లో పెట్టే నాలాంటివాడికి కూడా, చదివేదెవరో తెలీదు కదా అని ఒకసారి వెనక్కి చూసుకోవాలనిపించింది.