గాలిమరలు - గ్రామస్థుల సమ్మతి
(ఒక విమర్శ)

రాయలసీమకు వానకు కరవు గాని గాలికి కరవు లేదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము తనలోని నీటిని చాలవరకు పడమటి కనుమలలోనే వదలి, కొండలు దాటి, పొడిగాలియై మన మెట్టలమీద వీచును. ఆషాఢమాసములో రైతు మబ్బును చూచి ఆశపడును. గాలి ఆ మబ్బును తూర్పునకు తరిమివేయును. తరతరములుగా రైతు తిట్టుకొనిన ఈ గాలియే నేడు విద్యుత్తునకు ముడిసరుకైనది. కర్నూలు, కడప, అనంతపురము సీమలలో కొండనెత్తముల మీద తెల్లని స్తంభములు లేచినవి. ఇంజనీర్లు వీటిని పవన విద్యుత్ కేంద్రములందురు, పల్లెజనులు ఫ్యానులందురు.

పవనవిద్యుత్తు మంచిదా చెడ్డదా అని తేల్చుట ఈ వ్యాసము పని కాదు. బొగ్గు కాల్చక, పొగ విడువక విద్యుత్తు నిచ్చు సాధనమును కాదనువాడెవ్వడు? విచారింపవలసినది వేరొకటి. ఈ మరలను ఎక్కడ నిలుపవలెనో నిర్ణయించునప్పుడు, వాటి నీడలో ఇరువది యైదేండ్లు బ్రతుకబోవు జనులను ఎవరైన అడుగుచున్నారా? అడిగినప్పుడు వారికి అర్థమగు రీతిలో చూపుచున్నారా? మన విమర్శ ఈ రెండు ప్రశ్నలమీదనే.

ఒకే సీమ, రెండు పద్ధతులు

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె పేరు నేడు దేశమంతట తెలియును. అచ్చటి రాతిపొరలలో యురేనియము ఉన్నది. దానిని త్రవ్వితీయు గనికిని, శుద్ధిచేయు కర్మాగారమునకును అనుమతి నిచ్చుటకు ముందు, 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. అట్లు జరుపవలెనని చట్టమున్నది. 1994 నాటి పర్యావరణ ప్రకటనకు 1997లో చేసిన సవరణ ప్రకారము, సభకు ముప్పది దినముల ముందు పత్రికలలో తెలియజేయవలెను. పథకముయొక్క సారాంశమును ఇంగ్లీషునందే గాక స్థానికభాషలో కూడ అందుబాటులో నుంచవలెను. ఆ సభలో అందరి సందేహములు తీరినవని ఎవ్వరును అనలేరు. తరువాతి సంవత్సరములలో వ్యర్థముల చెరువు దగ్గరనున్న కొట్టాల రైతులు తమ బోరునీటిని గూర్చి ఫిర్యాదులు చేసిరి. అయినను అక్కడ ఒక సభ జరిగినది; అడుగుటకు ఒక వేదిక ఉన్నది; ఆనాడు చెప్పిన మాటను ఈనాడు ఎత్తిచూపుటకు ఆధారమున్నది.

ఆ నెలలోనే, 2006 సెప్టెంబరు 14వ తేదీన, కేంద్రప్రభుత్వము క్రొత్త పర్యావరణ ప్రకటనను వెలువరించినది. ముందుగా అనుమతి పొందవలసిన పరిశ్రమల పట్టిక దానిలో ఉన్నది. ఆ పట్టికలో పవన విద్యుత్ కేంద్రము లేదు. కావున దానికి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కరలేదు. ప్రజాభిప్రాయ సేకరణయు అక్కరలేదు. అడవిభూమి అయినచో అటవీచట్టము అడ్డువచ్చును. పట్టాభూమి యైనను, రెవిన్యూ లెక్కలలో బంజరని వ్రాసిన భూమి యైనను, యజమానితోనో ప్రభుత్వముతోనో ఒప్పందము కుదిరిన చాలును.

గాలిమర యురేనియము గని వంటిది కాదు. దాని అపాయము మిక్కిలి తక్కువ. ఇది నిజమే. కాని అపాయము తక్కువ యగుట వేరు, అడుగనక్కరలేకుండుట వేరు. ఈ రెంటిని ఒకటిగా భావించుటలోనే పొరపాటున్నది.

కల్పవల్లి చెప్పిన పాఠము

ఇది ఊహ కాదు. అనంతపురము సీమలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతమున, కల్పవల్లి యను కొండప్రదేశమున్నది. రెవిన్యూ కాగితములలో అది బంజరు. తింబక్టు కలెక్టివ్ అను సంస్థయు చుట్టుపట్ల గ్రామములవారును 1990ల ఆరంభము నుండి దానిని కాపాడి, నిప్పు తగులకుండ చూచి, ఏండ్లతరబడి శ్రమించి, గడ్డియు చెట్లును తిరిగి పెరుగునట్లు చేసిరి. గొఱ్ఱెల కాపరులకు అది మేత. ఈతచాపలు అల్లువారికి ముడిసరుకు. దిగువ చెరువులకు నీటి మూలము. కాగితమున బంజరు, కంటికి అడవి.

తరువాత అచ్చటి నల్లకొండ మీద ఏబది మెగావాట్లకు మించిన పవనకేంద్రము వెలసినది. స్తంభములు ఆక్రమించు నేల కొద్దియే. కాని ఒక్కొక్క స్తంభమునకు పెద్ద క్రేను నిలుచుటకు కొండనెత్తము చదును కావలెను. పొడవైన రెక్కలను మోయు వాహనము మలుపు తిరుగుటకు వెడల్పైన బాట కావలెను. ఆ బాటలకై కొండవాలును తెగగొట్టగా, త్రవ్విన మట్టి వానకు కొట్టుకొనిపోయి వాగులలో పడినదని గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. 2013లో ఈ వ్యవహారము చెన్నైలోని జాతీయ హరిత ధర్మాసనము నెదుటికి పోయినది.

ఇందు మనము గమనింపవలసిన శాస్త్రవిషయము ఒకటున్నది. నష్టము రెక్కలవలన గాక బాటలవలన కలిగినది. గాలిమరల ప్రకటనలలో కనబడు చిత్రములనన్నిటిని చూడుడు: పచ్చని కొండ, నీలాకాశము, తెల్లని స్తంభము. బాట ఎక్కడ? కోసిన వాలు ఎక్కడ? తీగెలు, ఉపకేంద్రము ఎక్కడ? చిత్రములో లేనిదానిని గూర్చి గ్రామస్థుడు ప్రశ్న వేయలేడు.

చిత్రము నిజము చెప్పునా?

కట్టబోవు మరలు ఎట్లు కనబడునో ముందుగా చూపు చిత్రమును భావిదృశ్యచిత్రమని పిలువవచ్చును. గ్రామము నుండి కొండను ఫోటో తీసి, నేలయొక్క ఎత్తుపల్లముల లెక్క ననుసరించి, కంప్యూటరు సహాయముతో మరలను సరియైన పరిమాణములో ఆ ఫోటోలో చేర్చెదరు. ఐరోపా దేశములలో ఇది పరిపాటి. స్కాట్లండులో ఇందులకు ప్రత్యేక నియమావళియే కలదు. అటువంటి నియమము ఎందుకు కావలసి వచ్చెనో చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును.

ఫిల్ము వెడల్పు 36 మిల్లీమీటర్లు గల కెమెరాలో 50 మి.మీ. కటకముతో తీసిన ఫోటోను 36 సెంటీమీటర్ల వెడల్పున ముద్రించితిమనుకొనుడు. దానిని 50 సెం.మీ. దూరమున పట్టుకొని చూచినచో, వస్తువులు నిజముగా కంటికి ఎంత కనబడునో అంతే కనబడును. ఒక కిలోమీటరు దూరమున రెక్కకొన వరకు 150 మీటర్ల ఎత్తున్న మర ఆ చిత్రములో 7.5 సెం.మీ. ఉండును. అదే ఫోటోను 24 మి.మీ. వెడల్పుచూపు కటకముతో తీసి, అంతే వెడల్పున ముద్రించి, అంతే దూరమున చూచినచో, ఆ మర 3.6 సెం.మీ. మాత్రమే ఉండును, సగమునకు లోపుగా తగ్గినది. ఇందులో అబద్ధమాడినవాడెవ్వడును లేడు; కటకము మారినది, అంతే. కావున ఏ కటకముతో తీసిరి, ఎంత దూరమున పట్టుకొని చూడవలెను అను రెండు మాటలు వ్రాయని చిత్రమును సాక్ష్యముగా స్వీకరింపరాదు.

మరియొక లోపమున్నది. నిశ్చలచిత్రము కదలికను చూపదు, ధ్వనిని వినిపింపదు. ఉదయ సాయంకాలములలో సూర్యుడు 10 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు 150 మీటర్ల మర నీడ సమతలముమీద సుమారు 850 మీటర్లు సాగును. రెక్కలు మూడు, నిమిషమునకు 15 చుట్లు తిరిగినచో, నీడ నిమిషమునకు 45 సార్లు కిటికీని దాటును. ఆ నీడ ఏ యింటిపై, ఏ నెలలో, ఎన్ని నిమిషములు పడునో పంచాంగమంత నిశ్చయముగా గణింపవచ్చును. ఇక శబ్దము: తక్కిన విషయములు సమానమైనచో, దూరము రెట్టింపైనప్పుడెల్ల సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. నివాసస్థలమునకు 500 మీటర్ల లోపల మరను నిలుపరాదని 2016లో కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు చెప్పినవి. ఆ 500 మీటర్ల వలయమును గ్రామపటముమీద గీచి చూపుటకు ఎంత ఖర్చు?

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకుండనే బోధింపవచ్చును. కన్నునుండి చాచిన చేతి వరకు దూరము సుమారు 60 సెం.మీ. అనుకొందము. సరూప త్రిభుజముల ప్రకారము, 150 మీటర్ల మర ఒక కిలోమీటరు దూరమున ఎంత కనబడునో, చేతిలో నిలువుగా పట్టుకొనిన 9 సెం.మీ. పుల్ల అంత కనబడును. మూడు కిలోమీటర్లకు 3 సెం.మీ. పుల్ల చాలును, అర కిలోమీటరునకు 18 సెం.మీ. పుల్ల కావలెను. బడి ఆవరణలో నిలిచి, ఎదుటి గుట్టమీద ఆ పుల్లను ఆనించి చూచిన విద్యార్థికి ఎంతో ఖరీదైన చిత్రము చెప్పు మాటయే తెలియును.

కొండ అడ్డమున్నచో మర ఎంత కనబడును? గ్రాఫు కాగితముమీద గీయుడు. కన్నును, మర పాదమును ఒకే మట్టమున ఉంచుడు. మధ్యలో ఒక కిలోమీటరు దూరమున 40 మీటర్ల గుట్ట ఉన్నది. మర మూడు కిలోమీటర్ల దూరమున ఉన్నది. కంటినుండి గుట్టకొనమీదుగా గీచిన గీత మూడు కిలోమీటర్ల వద్ద 120 మీటర్ల ఎత్తునకు చేరును. కావున 150 మీటర్ల మరలో పైనున్న 30 మీటర్లు మాత్రమే కనబడును. అనగా స్తంభము కనబడదు, రెక్కకొనలు వచ్చిపోవుచుండును. భారత సర్వేక్షణ శాఖవారి పటములలోని సమోన్నత రేఖలను బట్టి తమ గ్రామమునకే ఈ లెక్క వేయుట పదవ తరగతి విద్యార్థికి శక్యమే.

అడిగిన ఫలితమేమి?

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ ఎదుట సముద్రములో మిడిల్‌గ్రుండెన్ అను పవనకేంద్రమున్నది. మొదటి ఆలోచన ప్రకారము అక్కడ 27 మరలు మూడు వరుసలలో నిలువవలసి యుండెను. ప్రజల అభిప్రాయమును అడుగగా, ఆ మూడు వరుసల అమరిక పలువురికి నచ్చలేదు. చిత్రములు మరల గీచి, అమరికను మార్చి, తుదకు 20 మరలను ఒకే వంపుగీతగా నిలిపిరి. 2000 సంవత్సరములో పూర్తియైన ఆ కేంద్రములో సగభాగము ఎనిమిదివేలకు మించిన సభ్యులున్న సహకార సంఘమునకు చెందినది. అడిగినందువలన పని ఆగిపోలేదు. రూపు మారినది, సొంతదారులు పెరిగిరి.

అయితే మన దేశపు స్థితి వేరు. కోపెన్‌హేగన్ పౌరునికి సముద్రము చూడముచ్చట. కల్పవల్లి కాపరికి కొండ జీవనాధారము. అక్కడి చర్చ అందమును గూర్చి. ఇక్కడి చర్చ బాట, మేత, నీరు, కౌలు గూర్చి. అక్కడి పద్ధతిని అట్లే తెచ్చి ఇక్కడ అతికించిన ప్రయోజనము లేదు. మన చిత్రములలో స్తంభముకంటె ముందు బాటయు, వాగును, మందలు నడచు దారియు కనబడవలెను.

ఆక్షేపణలు

ఇంత విచారణ జరిపిన ఆలస్యమగునని కొందరందురు. గాలిలోని శక్తి వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును. సెకండుకు 7 మీటర్లు వీచు శిఖరమును విడిచి 6.5 మీటర్లు వీచు వాలునకు జరిగినచో, శక్తిలో ఐదవవంతు పోవును. ఇది చిన్న నష్టము కాదు, దీనిని దాచనక్కరలేదు. ఈ లెక్కను కూడ గ్రామస్థుల ముందుంచవలెను. ఏ మరను జరిపిన ఎంత పోవును, ఏ బాటను మార్చిన ఎంత ఖర్చగును అని తెలిసినప్పుడే సంప్రదింపు బేరముగా గాక వివేచనగా మారును. మరలు నిలిచిన తరువాత న్యాయస్థానముల చుట్టు తిరుగుటలో పోవు కాలముకంటె ఇది ఎక్కువ కాదు.

చదువురాని జనులకు ఇవి అర్థము కావని మరికొందరందురు. ఏ వాగు ఏ కార్తెలో పొంగునో, ఏ వాలున మట్టి నిలువదో, ఏ నెలలో గాలి ఏ మూలనుండి కొట్టునో చెప్పువాడు కాపరియే. అతనికి అర్థము కానిది మనము వ్రాయు భాష; విషయము కాదు.

మూడవ ఆక్షేపణ బలమైనది: సభ పెట్టినను మాట్లాడువారు భూమిగలవారే, మరకు స్థలమిచ్చి డబ్బు పొందువారొకరు, శబ్దము వినువారొకరు. ఇది నిజము. అందుచేత ఒక్క సభతో సరిపెట్టుట తగదు. కాపరులను, కూలీలను, డి.కె.టి. పట్టాదారులను, స్త్రీలను వేరువేరుగా, వారికి తీరికయైన వేళ, వారున్న చోటనే అడుగవలెను. వారు చెప్పినది వ్రాసి, దానివలన పథకములో మారినదేమో, మారనిచో ఎందుకు మారలేదో గ్రామసభలో తిరిగి చదివి వినిపింపవలెను. జవాబు రాని సంప్రదింపు హాజరుపట్టీ మాత్రమే.

చట్టము మారువరకు వేచియుండనక్కరలేదు. గ్రామపటము, 500 మీటర్ల వలయము, బాటల గీతలు, నాలుగుచోట్ల నుండి తీసిన సరియైన చిత్రములు, నీడల పట్టిక - ఈ ఐదింటిని తెలుగులో పంచాయతీ కార్యాలయపు గోడపై నెలదినములుంచుటకు ఏ చట్టమును అడ్డురాదు. వాటిని చదివి తప్పొప్పులు చెప్పగలవారు గ్రామములో ఉండవలెను. ఆ గ్రామమందలి ఉన్నత పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడును, అతని శిష్యులును అందుకు తగినవారు. సరూప త్రిభుజములు పరీక్షకొరకే కాదు. మన కొండమీద ఏమి రాబోవుచున్నదో మన కన్నులతో మనమే కొలుచుకొనుటకు కూడ.