ప్రశ్నకూ కులం ఉంటది

'ఇక్కడ అందరికీ సమానంగా పని నేర్పుతున్నారా?' శిక్షణ సర్వేల్లో తరచూ కనిపించే ప్రశ్న ఇది. మిర్యాలగూడ రైస్ మిల్లులో యజమాని ముందర నిలబడ్డ దళిత కూలీ 'అవును' అనక ఏమంటడు? ఆ జవాబును సమానత్వం కింద లెక్కగట్టడం అన్యాయం.

1961 అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు చోటు 1973 సవరణతో గాని రాలేదు. అయితే చోటు లెక్క వేరు, నేర్పిన పని లెక్క వేరు. సూర్యాపేట, కోదాడల్లో అడగాల్సింది జరిగిన సంగతి: పోయిన నెల మిషన్ ఎవరికి ముట్టనిచ్చిండ్రు? బస్తాలు ఎవరితో మోయించిండ్రు? ఇవి పేరు రాసుకోకుండా, మేస్త్రీ లేనిచోట అడగాలె.

2025లో తెలంగాణ వర్గీకరణ చట్టం వచ్చినంక కూడా మాల, మాదిగ, ఉపకులాలను 'ఎస్సీ' అనే ఒక్క గడిలో కుక్కితే, ఎవరు గేటు బయటే ఆగిపోయిండ్రో తెల్వదు. కులం అడిగితే గొడవలంటరు. అడగకపోతే లాభం ఎవరికి?