ముందు కాలు ఇవ్వనివ్వండి

కుక్కకి గోళ్లు తీయాలన్న ఆలోచన మా ఊరు దేవరాపల్లిలో ఒకప్పుడు ఎవరికీ వచ్చేది కాదు. ఆ అవసరమూ లేదు. కళ్లాల్లో, శారదా నది ఇసుకలో, రైవాడ కాలువ గట్ల మీద రోజంతా తిరిగే కుక్క గోళ్లను నేలే అరగదీసేది. ఎడ్లకి నాడాలు కొట్టించి గిట్టలు అరిగిపోకుండా చూసుకోవడమే అప్పట్లో రైతుకున్న దిగులు. ఇప్పుడు కుక్క ఇంట్లోకొచ్చింది. నున్నటి టైల్స్ మీద పడుకుంటుంది, గొలుసుతో వీధి చివరిదాకా వెళ్లి వచ్చేస్తుంది. గోరు అరిగే దారి లేదు. నడుస్తున్నప్పుడు గచ్చు మీద టకటకమని చప్పుడు వినిపిస్తే ఆ గోరు పెరిగిపోయినట్టే.

"ఏటి బాబూ, కుక్కకి కూడా గోళ్లు తీస్తావేటి?" అని మా వీధిలో పెద్దవాళ్లు అడుగుతుంటారు. తీయాల్సిందే. పెరిగిన గోరు నేలకి తగిలినప్పుడల్లా వేలిని వెనక్కి నెడుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి కుక్క నిలబడే తీరే మార్చుకుంటుంది. వయసు మళ్లిన కుక్కకైతే కీళ్ల మీద అదో అదనపు భారం. ముందుకాళ్లకి లోపలివైపు, కాస్త పైన ఉండే గోరు మరీ ప్రమాదం. అది నేలను తాకదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలా వదిలేస్తే గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది.

ఇక పనిముట్టు సంగతి. కట్టర్ చవక, చప్పుడు ఉండదు, పని క్షణంలో అయిపోతుంది. కానీ దాని పదును పోతే గోరును కోయకుండా నలుపుతుంది, ఆ నొక్కుడు కుక్కకి నొప్పి. గోరు లోపల రక్తనాళం, నరం కలిసి ఉంటాయి. తెల్ల గోరులో అవి గులాబీ రంగులో కనిపిస్తాయి. మన నాటు కుక్కల్లో చాలావాటికి గోళ్లు నలుపు, అందులో ఏమీ కనిపించదు. అందుకే నల్ల గోరును పలచటి ముక్కలుగా కోస్తూ, ప్రతిసారీ గోరు కోసిన చోటు చూడాలి. మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపేయాలి. దీపాలు పెట్టాక గోళ్లు తీయకూడదని మన ఇళ్లలో ఉన్న కట్టుబాటును ఈ పనిలో నేను తు.చ. తప్పకుండా పాటిస్తాను. ఎండ వెలుగు లేకుండా ఆ చుక్క కనబడదు. పొరపాటున నెత్తురొస్తే పటిక పొడో, మొక్కజొన్న పిండో అద్ది కాసేపు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది.

గ్రైండర్‌ది వేరే కథ. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, రసీన్ పట్టణంలో ఆల్బర్ట్ డ్రెమెల్ 1932లో పెట్టిన కంపెనీ చెక్కకీ లోహానికీ నగిషీ పనులు చేసుకునే చేతి యంత్రాలతో పేరు తెచ్చుకుంది. కుక్కల్ని పెంచేవాళ్లు ఆ యంత్రాన్నే గోళ్లకి వాడటం మొదలుపెట్టారు, ఆ తర్వాత గోళ్ల కోసమే చిన్నవి తయారయ్యాయి. కొసరి కొసరి అరగదీస్తుంది కాబట్టి నల్ల గోళ్ల విషయంలో దీనికే నా ఓటు. కోసిన చోట గరుకు అంచు కూడా మిగలదు. అయితే ఒకేచోట పెట్టి ఉంచితే గోరు వేడెక్కి చురుక్కుమంటుంది. క్షణం తాకించి తీసేయాలి. పొమేరియన్‌లాంటి వాటి పాదాల వెంట్రుకలు తిరిగే చక్రానికి చుట్టుకుంటాయి, వాటిని ముందే వెనక్కి పట్టుకోవాలి. గోటి పొడి ముక్కులోకి పోకుండా అరుగు మీద కూర్చుని, మాస్కు కట్టుకుని చేయడం మంచిది. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినిపించదు, కుక్కకి సుమారు 45 వేల దాకా వినిపిస్తుంది. మనకి సన్నగా అనిపించే ఆ రొద దానికి ఎలా ఉంటుందో దాని చెవులు చూస్తే తెలుస్తుంది.

పిల్లికి మాత్రం కట్టరే. దాని గోరు లోపలికి ముడుచుకుని ఉంటుంది. వేలిని మెల్లగా నొక్కితే బయటికొస్తుంది, మొన మాత్రం తుంచితే చాలు.

ఏది వాడినా, నలుగురు చేరి కుక్కని నేలకి అదిమిపట్టి గోళ్లు తీయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ భయం దాన్ని వదలదు. మళ్లీ ఎవరు కాలు ముట్టుకున్నా పళ్లు చూపిస్తుంది. ముందు కొన్నాళ్లు ఊరికే పాదం నిమరండి, వేలు నొక్కండి, వెంటనే దానికి ఇష్టమైనది పెట్టండి. యంత్రాన్ని ఆపి ఉంచి వాసన చూడనివ్వండి, తర్వాత దూరంగా ఆన్ చేయండి. మామూలుగా కుక్కకి 18 గోళ్లు ఉంటాయి, రోజుకి ఒక్కటి తీసినా కొంప మునిగిపోదు. పెనుగులాట ముదిరితే గోరు గీరుకోవచ్చు, పన్ను దిగొచ్చు. రేబిస్ అనుమానం ఉన్న జంతువు గీరితే, నెత్తురు రాకపోయినా టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే మీ కుక్కకి రేబిస్ టీకా వేయించాకే ఈ పనికి దిగండి. మొదటిసారి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారి చేత తీయించి, చెయ్యి ఎలా పట్టారో దగ్గరుండి చూడండి.

ఏళ్ల తరబడి గోళ్లు పెరిగిపోయిన ముసలి కుక్క ఇంట్లో ఉందా? ఒక్కరోజులో పొట్టి చేయలేరు, ఎందుకంటే గోరుతోపాటు లోపలి రక్తనాళమూ సాగి ఉంటుంది. వారానికోసారి కొస మాత్రం అరగదీస్తూ పోతే ఆ నాళం మెల్లగా వెనక్కి తగ్గుతుంది, మరికాస్త తీయడానికి చోటిస్తుంది. గ్రైండర్ మీద పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇలాంటి కుక్కల దగ్గరే.