మైనం మీద మెట్లు, కర్రలో గాట్లు

ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ చేసుకుందామని దిగిన కుర్రాడికి మొదట పట్టేది కర్ర పిచ్చి. తిరుపతి చుట్టుపక్కలవాడైతే ఆ పిచ్చి నేరుగా ఎర్రచందనం దగ్గరికి పోతుంది. జపాన్‌వాళ్లు షమిసేన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ దీంతో చేస్తారని ఎక్కడో విని ఉంటాడు. ఆ మాట నిజమే. నీళ్లలో వేస్తే మునిగేంత చిక్కటి చేవ అది. కానీ అనుమతి కాగితం లేకుండా శేషాచలం దుంగ ముక్క ఇంట్లో ఉంటే గిటార్ కంటే ముందు అటవీశాఖ వాళ్లొస్తారు. పైగా అంత బరువు భుజానికి తగిలించుకుని గంటసేపు ఎవరు నిలబడతారు?

ఎలక్ట్రిక్ గిటార్‌కి కర్ర గురించి అంత బెంగ అక్కర్లేదు. వీణ సంగతి వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి పనివాళ్లు పనస దుంగను తొలిచి కుండ తీస్తారు. గోడ ఎంత మందం ఉంచారు, పైపలక ఎంత పలచన చేశారు అన్నదాన్ని బట్టే నాదం. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగ కదలికను పట్టుకునేది అయస్కాంతం, దాని చుట్టూ ఉన్న రాగి చుట్ట. 1940 ప్రాంతంలో అమెరికాలో లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దూలానికే తీగలు కట్టి వాయించాడు. చూసేవాళ్లకు అది దూలంలా కనిపిస్తోందని ఒక మామూలు గిటార్‌ను నిలువునా కోసి, రెండు పక్కలా రెక్కల్లా అతికించాడు.

కాబట్టి పాత ఇల్లు పడగొట్టినచోట దొరికే టేకు ద్వారబంధం చాలు. దశాబ్దాలపాటు ఎండి, ఇక కదలడం మానేసిన కర్ర అది. చిత్రిక పట్టే ముందు లోపల మేకులు ఉన్నాయేమో వెతకాలి, లేకపోతే వడ్రంగి ఆచారి చేత తిట్లు తప్పవు. టేకులో నూనె ఉంటుంది. అతికించబోయే ముఖాన్ని అప్పుడే థిన్నర్‌తో తుడిచి జిగురు పూయకపోతే కొన్నాళ్లకి ఊడుతుంది. చిత్తూరు తోటల్లో ముసలి మామిళ్లను కొట్టేసినప్పుడు కట్టెల ధరకి పోయే మొద్దులు కూడా పనికొస్తాయి. హవాయిలో మామిడితో ఉకులేలేలు చేస్తారు. పురుగు పట్టకుండా త్వరగా కోయించి నీడన ఆరబెట్టే ఓపిక ఉండాలి, అంతే.

అసలు కథ మెడ దగ్గర మొదలవుతుంది.

వీణ మీద 24 మెట్లు ఉంటాయి. అవి కర్రలో దిగి ఉండవు, దండి పొడవునా పోసిన మైనపు గట్ల మీద కూర్చుంటాయి. పనివాడు తీగ మీటుతూ, చెవి ఒగ్గి వింటూ, మెట్టును వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతాడు. సరిపోలేదనుకుంటే మైనాన్ని వేడిచేసి మళ్లీ కూర్చుతాడు. ఎండలకు మైనం మెత్తబడి మెట్లు కదిలినా వాద్యం పాడైనట్టు కాదు, మళ్లీ కూర్చితే సరి. తప్పును ముందే లెక్కలోకి తీసుకుని కట్టిన వాద్యం వీణ అని నాకనిపిస్తుంది.

గిటార్‌కి ఈ సౌకర్యం లేదు. కర్రలో గాటు కోసి ఫ్రెట్టును, అంటే గిటార్ మెట్టును, సుత్తితో దిగ్గొట్టాలి. గాటు పడ్డాక చెవి చెప్పేదానికి విలువ లేదు, అందుకే ముందుగా లెక్క కావాలి. తీగ పొడవు 647.7 మి.మీ. అనుకుందాం, అంటే ఇరవై అయిదున్నర అంగుళాలు. దాన్ని 17.817తో భాగిస్తే మేరువు (తల వైపు తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి ఫ్రెట్టు 36.35 మి.మీ. దూరంలో పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగించాలి. అలా పన్నెండోది సరిగ్గా సగంలో, 323.85 దగ్గర, పడుతుంది.

17.817 బదులు 18 అని గుండ్రంగా అనుకుంటే? 1581లో విన్సెంజో గెలీలీ, ఖగోళ శాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి, ల్యూట్ అనే తీగ వాద్యానికి ఈ 18 లెక్కే చెప్పాడు. వేలితో నొక్కినప్పుడు తీగ బిగిసి శ్రుతి కాస్త పైకి పోతుంది గనక ఆ రోజుల్లో లోటు కొంత పూడేది. మన గిటార్ మీద వేస్తే పన్నెండో ఫ్రెట్టు రెండు మి.మీ. పైగా మేరువు వైపు జరుగుతుంది. అంటే అరస్వరంలో ఎనిమిదో వంతు తగ్గుతుంది. సంగీతం రానివాడికి కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

లెక్క సరిగ్గా వేసినవాళ్లు కూడా స్కేలు దగ్గర దెబ్బతింటారు. మొదటి ఫ్రెట్టు నుంచి రెండోది, రెండో దాన్నుంచి మూడోది అంటూ కొలుచుకుపోతే, ఒక్కోచోట అర మి.మీ. పొరపాటు పడినా పదో ఫ్రెట్టుకి అయిదు మి.మీ. అవుతుంది. ప్రతి గాటునూ మేరువు నుంచే కొలవాలి. పెన్సిలు గీత లావు, చాకు గీత సన్నం. చాకుతోనే గుర్తు పెట్టాలి. రంపం పన్ను కూడా సన్నదే కావాలి. ఫ్రెట్టు కింది నాలుక అర మి.మీ. కంటే కాస్త ఎక్కువ మందం ఉంటుంది. ఇంట్లో ఉన్న హ్యాక్సా బ్లేడుతో కోస్తే గాటు వెడల్పై ఫ్రెట్టు వదులుగా ఊగుతుంది. అదే కర్ర పొట్టును జిగురుతో కలిపి నింపి మళ్లీ కోయడం తప్ప దారి లేదు. అదీ కుదరకపోతే మెడ మీది పలక ఊడదీసి కొత్తది అతికించడమే.

ఇంకో సాధారణమైన తప్పు, బొమ్మ గీసుకున్న కాగితం చూసి, తీగల రెండో కొస ఆనే బ్రిడ్జిని ముందే బిగించేయడం. మెడ ఒక వెంట్రుక పక్కకు తిరిగినా సన్నతీగ ఫ్రెట్ల అంచు దాటి జారిపోతుంది. మెడ బిగించాక, మేరువు రెండు చివరల నుంచి రెండు దారాలు లాగి, అవి పడినచోట బ్రిడ్జి గుర్తు పెట్టుకోవాలి. లావు తీగలకు పొడవు రెండు మూడు మి.మీ. ఎక్కువ కావాలి కాబట్టి వెనక్కి జరుపుకునే చోటు వదలాలి. గిటార్ మొత్తం మీద మైనం లాంటి వెసులుబాటు మిగిలేది ఈ ఒక్క బ్రిడ్జి దగ్గరే.

వీణకీ గిటార్‌కీ ఎప్పటినుంచో రాకపోకలున్నాయి. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగను పక్కకు లాగితే వేలికి కర్ర అడ్డం రాదు. గమకం అక్కడే పుడుతుంది. 1970లలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత ‘శక్తి’ బృందంలో వాయించిన గిటార్‌కి ఫ్రెట్ల మధ్య కర్రను దోసిలిలా లోతుగా తీయించాడు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌కున్న జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు అయిదు కట్టి, కరెంటు పెట్టి వాయించాడు. ఉన్న వాద్యం చాలలేదు, మార్చుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఆయనా మెక్‌లాఫ్లిన్ ఒకే వేదిక మీద వాయించారు.

ఇక పికప్, అంటే మొదట చెప్పుకున్న అయస్కాంతం, దాని చుట్టూ రాగి చుట్ట. 1963లో లండన్ కుర్రాడు బ్రయన్ మే, వాళ్ల నాన్నతో కలిసి గిటార్ చేయడం మొదలుపెట్టాడు. మెడకి పాత పొయ్యిగూడు మీది కర్ర వాడారు. కర్ర తొలిచే పురుగు చేసిన బొక్కల్లో అగ్గిపుల్లలు కూరారు. మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు, వాళ్లమ్మ స్వెటర్ అల్లే సూది కొస, అన్నీ అందులో ఉన్నాయి. పికప్‌లు కూడా తనే చుట్టుకున్నాడు. శబ్దం బాగానే వచ్చింది, కానీ తీగను పక్కకు లాగినప్పుడల్లా బరబరమని వింత చప్పుడు. పక్కపక్క అయస్కాంతాల ధ్రువాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణంగా పెట్టడం దానికి కారణం. చివరికి బర్న్స్ కంపెనీ పికప్‌లు కొని పెట్టుకున్నాడు. క్వీన్ బృందం పాటల్లో వినిపించే గిటార్ అదే. అన్నీ సొంతంగానే చేయాలన్న పంతం ఆయనకే సాగలేదు, మనకెందుకు?

అయినా చుట్టాలనుకుంటే రాయలసీమలో గురువులకు కొదవలేదు. బోరు మోటార్లు కాలిపోతూనే ఉంటాయి, ప్రతి ఊళ్లోనూ రీవైండింగ్ షాపు ఉంటుంది. అక్కడ పది నిమిషాలు నిలబడి చూడండి. తీగ లాగే చేతి వేళ్ల మధ్య బిగువు ఒకేలా ఉంటుంది, చుట్టు మీద చుట్టు పడకుండా పక్కకు జరుగుతుంది, ఎనామిల్ గీసుకోకుండా మలుపు దగ్గర తొడుగు వేస్తారు. పికప్‌కి కావలసింది ఇదే నేర్పు, తీగ మాత్రం వాళ్ల దగ్గరున్న వాటికంటే చాలా సన్నం. 46 గేజి, అంటే 0.06 మి.మీ. ఎనిమిది వేల చుట్ల దాకా వేయాలి. ఊపిరి గట్టిగా వదిలినా తెగేట్టుంటుంది. చుట్టాక కరిగిన మైనంలో ముంచాలి, లేకపోతే వదులు చుట్లు కంపించి యాంప్ కీచుమంటుంది. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి.

అన్నీ బిగించి యాంప్‌కి తగిలిస్తే తీగలు ముట్టుకోకుండానే గుయ్యిమంటుంది. అది మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ మోత. లోపలి గూడుకి రాగిరేకు అంటించి, బ్రిడ్జి నుంచి ఎర్త్ తీగ లాగితే చాలావరకు అణుగుతుంది. వేళ్లు తీగల మీద పెడితే మోత తగ్గుతోందంటే ఎర్త్ అందినట్టే. అయితే ఇంటి ప్లగ్గులో మూడో పిన్నుకి అసలు ఎర్తింగే లేకపోతే సంగతి వేరు. పాత ఇళ్లలో ఇది మామూలే. అక్కడ తీగలు ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. గిటార్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

తిరుపతి ఎండల్లో చేసిన మెడ అక్టోబరు, నవంబరు వానలకు తేమ పీల్చి కదులుతుంది. ఆరు తీగలూ కలిపి నలభై అయిదు కిలోల దాకా లాగుతుంటాయి, కర్ర ఒక్కటే ఆగలేదు. అందుకే లోపల ఉక్కు ఊచ పెడతారు. గిబ్సన్ కంపెనీ 1920లలోనే దీనికి పేటెంటు తీసుకుంది. ఊచ బిగించే మరను పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారే తిప్పొద్దు. రాత్రి వదిలేసి పొద్దున చూడాలి. పాలిష్ కూడా ఆ వానల్లో వేయకండి, పూత తెల్లబారుతుంది.

ఇదంతా చూసి గుండె జారినవాళ్లకి ఒక సులువు ఉంది. ఫ్రెట్లే లేని గిటార్ చేయండి. ఒళ్లో పెట్టుకుని ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేది. మెట్లు లేకుండా కడ్డీ జరిపే ఈ పద్ధతి మన గోటువాద్యానిదే. 1930ల మొదట్లో వచ్చిన రికెన్‌బ్యాకర్ ‘ఫ్రైయింగ్ పాన్’, తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి, ఇలా ఒళ్లో పెట్టుకు వాయించిందే. మెట్లకు బదులు గీతలు గీస్తే చాలు. గీత తప్పు పడితే ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ గీసుకోవచ్చు.